నాయంకర వ్యవస్థను ‘సమాఖ్య’ అనవచ్చునా? రాయవాచకం, ఆముక్తమాల్యద, కైఫీయతుల ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

విజయనగర రాజ్యాన్ని ‘సైనిక సమాఖ్య’గా పేర్కొనడం చరిత్ర రచనలో ఉన్న సంప్రదాయం. సాహిత్య విమర్శ ఈ మాటను పెద్దగా పరీక్షించకుండానే స్వీకరించింది. సడలిన కూటమి బలమైన సమాఖ్యగా మారిన ప్రసిద్ధ ఉదాహరణ 1781–1789 మధ్యకాలపు అమెరికా. ఆ పరిణామాన్ని కొలమానంగా తీసుకుని రాయవాచకం, ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి, గ్రామ కైఫీయతులు నాయంకర బంధాన్ని ఎలా చిత్రించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాలెగాళ్ల చరిత్ర ఈ పరిశీలనకు క్షేత్రం. నాయంకరంలో కూటమి లక్షణాలు ఉన్నా, సమాఖ్యకు ప్రాణమైన లిఖిత సమ్మతి లేదనీ, 1800 తర్వాత ఏర్పడిన బలమైన కేంద్రం ఆ కూటమికి పరిణామం కాదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాయంకరం, పాలెగాళ్లు, స్థానపతి, రాజనీతి, కైఫీయతు, సమాఖ్య, దత్తమండలాలు.

1. ఉపోద్ఘాతం

విజయనగర రాజ్యస్వరూపంపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. కె.ఎ. నీలకంఠశాస్త్రి ఆ రాజ్యాన్ని అందరికంటె పెద్దవాడైన ఒక నాయకుని నేతృత్వంలో పలువురు నాయకులు కలిసి పనిచేసిన సైనిక కూటమిగా భావించారు. నేలటూరి వెంకటరమణయ్య 1935లో ప్రకటించిన విజయనగర తృతీయ వంశ పరిశోధనలో నాయంకరాన్ని రాజు అనుగ్రహంపై ఆధారపడిన భూస్వామ్యంగా వివరించారు. బర్టన్ స్టెయిన్ 1980లో ‘పెసెంట్ స్టేట్ అండ్ సొసైటీ ఇన్ మిడీవల్ సౌత్ ఇండియా’ గ్రంథంలో కేంద్రాధికారం నామమాత్రమైన ఖండరాజ్య సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. నొబొరు కరషిమా శాసనాల ఆధారంగా దానిని తిరస్కరించి, నాయకుల్లో భూస్వామ్య ప్రభువుల లక్షణాలను చూపించారు.

ఈ చర్చ ప్రధానంగా శాసనాల మీద, విదేశీ యాత్రికుల కథనాల మీద సాగింది. తెలుగు గ్రంథాలు ఇందులో తరచుగా ఉదాహరణల స్థాయిలోనే మిగిలాయి. సాహిత్య విమర్శ ఆముక్తమాల్యదలోని రాజనీతిని రాయల పరిపాలనా దక్షతకు ప్రశంసాపత్రంగా చదివింది. ఆ పద్యాలు ఎవరిని అదుపులో ఉంచడానికి పుట్టాయి, ఏ బలహీనతకు మందుగా పుట్టాయి అన్న ప్రశ్నకు అంత స్థానం దక్కలేదు.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనుకూలమైన క్షేత్రాలు. ఇరుగుపొరుగు సీమలైనా పందొమ్మిదో శతాబ్దిలో ఇవి మూడూ ఒకే పాలనలో లేవు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం కేంద్రంగా ఉన్న కంగుంది ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందిన జమీందారీ తాలూకాలు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఒకే రకపు పాలెగాళ్ల వ్యవస్థ నుంచి బయలుదేరిన సీమలు వేర్వేరు గమ్యాలకు చేరడం వెనుక ఉన్న కారణం, ఆ వ్యవస్థ స్వభావాన్ని తెలుపుతుంది.

2. కొలమానం: 1781 నుంచి 1789 వరకు అమెరికా

సమాఖ్య అనే మాటకు ఖచ్చితమైన అర్థం కావాలంటే ఆ మాటను ఆచరణలో పరీక్షించిన అనుభవాన్ని చూడాలి. బ్రిటన్‌పై తిరగబడిన పదమూడు అమెరికన్ రాష్ట్రాలు 1777 నవంబరులో ఆమోదించుకున్న కూటమి ఒడంబడిక 1781 మార్చి 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కాంగ్రెస్‌లో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క ఓటు. ప్రతినిధులను రాష్ట్రాలు ఎప్పుడైనా వెనక్కి పిలుచుకోవచ్చు. కాంగ్రెస్‌కు పన్ను విధించే అధికారం లేదు. రాష్ట్రాలను డబ్బు అడగగలదు, రాబట్టలేదు. ప్రత్యేక కార్యనిర్వాహక శాఖ గాని, శాశ్వత న్యాయవ్యవస్థ గాని లేవు. ఒడంబడికను సవరించాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతి సుంకం విధించే ప్రయత్నం రోడ్ ఐలండ్ అనే ఒక్క చిన్న రాష్ట్రపు నిరాకరణతో ఆగిపోయింది. 1786–87లో మసాచుసెట్స్ రైతులు అప్పుల బాధతో తిరగబడినప్పుడు కేంద్రం నిస్సహాయంగా నిలిచింది.

1787లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధులు రాసిన రాజ్యాంగం ఈ లోపాలను మూలంలోనే సరిదిద్దింది. అలెగ్జాండర్ హామిల్టన్ ‘ఫెడరలిస్ట్’ వ్యాసాల్లో, ముఖ్యంగా పదిహేనవ వ్యాసంలో, పాత కూటమి అసలు జబ్బును గుర్తించాడు. కేంద్రపు శాసనం రాష్ట్రాలను ఉద్దేశించినదే గాని పౌరులను ఉద్దేశించినది కాదన్నది ఆయన వాదసారం. కొత్త రాజ్యాంగంలో కేంద్రం పన్నునూ చట్టాన్నీ నేరుగా పౌరుని దాకా తీసుకువెళ్లింది. రాష్ట్రాలు విదేశాలతో సంధులు చేసుకోరాదు, నాణేలు ముద్రించరాదు, కాంగ్రెస్ అనుమతి లేకుండా శాంతికాలంలో సైన్యాన్ని పోషించరాదు. బదులుగా వాటి ఉనికికి, మిగిలిన అధికారాలకు లిఖితమైన హామీ లభించింది. 1788 జూన్ 21న తొమ్మిదో రాష్ట్రం ఆమోదంతో రాజ్యాంగం ఖాయమైంది. 1791లో పది సవరణలు హక్కుల పత్రంగా చేరాయి.

ఈ అనుభవం నాలుగు ప్రశ్నలను అందిస్తుంది. ఖజానా ఎవరి చేతిలో ఉంది? ఆయుధం ఎవరి చేతిలో ఉంది? కేంద్రపు ఆజ్ఞ ఎవరి దాకా చేరుతుంది? బంధం వ్యక్తికి కట్టుబడిందా, పత్రానికి కట్టుబడిందా? తెలుగు గ్రంథాలను ఈ నాలుగు ప్రశ్నలతో చదవాలి.

3. రాయవాచకం: కొలువులో స్థానపతి

రాయవాచకం మధుర నాయకుడైన విశ్వనాథనాయని స్థానపతి తన ప్రభువుకు పంపిన నివేదికగా మలచిన వచన రచన. ఫిలిప్ వాగనర్ దీనిని ఆంగ్లంలోకి అనువదిస్తూ, ఇది రాయలకు సమకాలిక రచన కాదనీ, పదహారో శతాబ్ది చివర మధుర నాయక ఆస్థాన నేపథ్యంలో పుట్టిందనీ వాదించారు. అందువల్ల ఇది రాయల కాలపు సంఘటనల కంటె, నాయకులు రాజుతో తమ సంబంధాన్ని ఎలా ఊహించుకున్నారన్న దానికి బలమైన సాక్ష్యం.

ఆ ఊహకు కీలకం స్థానపతి అనే పాత్రలోనే ఉంది. స్థానపతి రాజు ఉద్యోగి కాడు. నాయకుడు రాజధానిలో నిలుపుకున్న మనిషి. కొలువులో జరిగినది చూసి, విని, ప్రభువుకు తెలియజేయడం అతని పని. పదహారో శతాబ్ది పోర్చుగీసు రచయిత నూనిజ్ కథనం కూడా దీనిని బలపరుస్తుంది. రెండువందల మందికి పైగా ఉన్న నాయకులు తమ తరఫున రాజధానిలో కార్యదర్శులను ఉంచుకునేవారని అతడు రాశాడు. నాయకులు రాజుకు నిర్ణీత ధనం చెల్లించడంతో పాటు నిర్ణీత సంఖ్యలో సైన్యాన్ని పోషించాలని కూడా చెప్పాడు.

1781 నాటి అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్న ప్రతినిధి స్వభావం దీనికి దూరం కాదు. అతడు కూడా జాతికి ప్రతినిధి కాక తన రాష్ట్రపు దూతగానే కూర్చున్నాడు. రెండు చోట్లా కేంద్రానికి, ప్రజలకు మధ్య ఒక స్వతంత్ర శక్తి నిలిచి ఉంది. కేంద్రం ఆ శక్తితోనే మాట్లాడుతుంది. పాళెంలోని రైతుకు రాయలు వినికిడి మాత్రమే. అతనికి కనిపించే ప్రభుత్వం పాలెగాడే. ఈ మేరకు నీలకంఠశాస్త్రి మాటకు రాయవాచకం ఊతమిస్తుంది.

పోలిక అక్కడితో ఆగుతుంది. అమెరికన్ ప్రతినిధికి ఓటు ఉంది. స్థానపతికి చెవి మాత్రమే ఉంది. కాంగ్రెస్‌లో రాష్ట్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. రాయవాచకంలో నాయకులు పరస్పరం ఒడంబడిక చేసుకోరు. ఒక్కొక్కరూ విడివిడిగా రాజుతో ముడిపడి ఉంటారు. కూటమి అంటే సభ్యుల మధ్య అడ్డంగా నడిచే బంధం. నాయంకరంలో ఉన్నది పైనుంచి కిందికి దిగే నిలువు బంధం.

4. ఆముక్తమాల్యద: అపనమ్మకపు రాజనీతి

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యం వదిలి వెళుతూ కుమారునికి చేసిన బోధ ఉంది. ఇది కావ్యంలోని బోధ, పరిపాలనా పత్రం కాదన్న జాగ్రత్త అవసరం. అయినా రాజ్యం ఏలుతున్న కవి రాసినందువల్ల ఇందులోని ఆందోళనలకు విలువ ఉంది.

దుర్గాలను ఆప్తులైన బ్రాహ్మణులకు అప్పగించాలని ఆ బోధ చెబుతుంది. దీనిని వర్ణాభిమానంగానో మతభక్తిగానో చదవడం పరిపాటి. నాయంకర నేపథ్యంలో చూస్తే ఇంకొక అర్థం స్పష్టమవుతుంది. సొంత సీమ, సొంత బంధుసైన్యం ఉన్న నాయకునికి కోట కూడా దక్కితే అతడు రాజుకు పోటీ అవుతాడు. సొంత సైనికబలం లేనివాడు కోటలో ఉంటే ఆ కోట రాజుదిగానే ఉంటుంది. నాయకుల సీమల మధ్య కేంద్రం తనకంటూ నిలుపుకున్న స్థిరబిందువులు దుర్గాలు.

ఆటవికుల గురించి చెప్పిన నీతి కూడా ఇదే కోవలోది. వారిని పూర్తిగా అణచడం సాధ్యం కాదనీ, చిన్న అనుగ్రహాలతో, మాట తప్పని నడవడితో వారిని కలుపుకోవాలనీ కవి అభిప్రాయం. సరిహద్దుల్లో అడవులను పెంచాలి, రాజ్యం నడిబొడ్డున పలచబరచాలి అన్న సూచన దీనికి అనుబంధం. కొండలూ అడవులూ నిండిన మదనపల్లె, పుంగనూరు, కంగుంది సీమలు ఇటువంటి నీతికి సరిగ్గా సరిపోయే భూమి. కేంద్రపు చట్టం చేరలేని చోట కేంద్రపు మర్యాద చేరాలన్నదే ఈ నీతి.

ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసి, రెండు భాగాలు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి భండారానికి కేటాయించమన్న సూచన ఖజానా ప్రశ్నకు సంబంధించినది. రేవులను వృద్ధిచేసి, గుర్రాలు, ఏనుగులు తెచ్చే వర్తకులను ఆదరించి, ఆ సరకు శత్రువులకు చేరకుండా చూడమన్న సూచన ఆయుధ ప్రశ్నకు సంబంధించినది. గుర్రం ఆనాటి యుద్ధానికి ప్రాణం. గుర్రాల రాకపై పట్టు ఉన్న రాజుకు నాయకులపై కూడా పట్టు ఉంటుంది. అమెరికా రాజ్యాంగం విదేశీ వాణిజ్యాన్ని కేంద్రానికి అప్పగించడం వెనుక ఉన్న వివేకం ఇటువంటిదే.

అయితే హామిల్టన్ వాదంలో ఉండి ఆముక్తమాల్యదలో లేనిది ఒకటి ఉంది. రాజనీతి పద్యాలన్నీ రాజు ఏం చేయాలో చెబుతాయి. నాయకునికి ఏది హక్కో చెప్పవు. రాజు మాట తప్పితే నాయకుడు ఎవరిని ఆశ్రయించాలన్న ప్రశ్న అక్కడ పుట్టదు. వ్యవస్థ లోపానికి మందుగా కవి చూపినది రాజు నేర్పు. అందువల్ల ఆ నేర్పు ఉన్న రాజు పోయిన రోజున మందు కూడా పోతుంది. ఆ బోధలోని సూక్ష్మత కవిగా రాయల గొప్పతనం. ఆ సూక్ష్మత అంతగా అవసరం కావడం రాజ్యపు బలహీనత. విమర్శ మొదటిదాన్ని పలుమార్లు చెప్పింది, రెండవదాన్ని చెప్పవలసి ఉంది.

5. కైఫీయతులు: 1565 తర్వాత

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, ఆపై చంద్రగిరికి, వేలూరుకు మారింది. కేంద్రం దగ్గరికి వచ్చినకొద్దీ చిత్తూరు సీమ నాయకులపై దాని పట్టు పెరగాలి. జరిగింది వేరు. 1639లో మద్రాసు తీరంలో ఇంగ్లీషు కంపెనీకి స్థలం ఇచ్చినవారు దామెర్ల నాయకులు. చంద్రగిరి రాజు శ్రీరంగరాయలు 1645లో ఆ దానాన్ని ధ్రువపరిచాడు. విదేశీయులతో ఒప్పందం ముందు నాయకుడు చేసుకోవడం, రాజు ఆమోదం తర్వాత రావడం గమనించదగినది. రాష్ట్రాలు సంధులు చేసుకోరాదన్న నిషేధాన్ని అమెరికా రాజ్యాంగం ఎందుకు అంత స్పష్టంగా రాసుకున్నదో ఈ ఒక్క ఘటన తేటతెల్లం చేస్తుంది.

కాలిన్ మెకంజీ ప్రోత్సాహంతో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి సహాయకులు కరణాల నుంచి సేకరించిన కైఫీయతులు ఈ సడలింపును కింది నుంచి చూపిస్తాయి. కైఫీయతులో ఊరి పుట్టుక, దేవాలయాలు, అగ్రహారాలు, మాన్యాలు, ఏలినవారి వరుస ఉంటాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’లో కరణాల రచనలకు చరిత్రస్పృహ ఉందని నిరూపించారు. ఆ స్పృహ ఎవరి పక్షాన నిలిచిందన్నది ఇక్కడ ముఖ్యం. కైఫీయతుకు కేంద్రం ఊరు. రాయలు, నవాబు, నిజాం, హైదరలీ ఆ ఊరి కథలో వచ్చిపోయే ప్రభువులు. ఎవరు ఏలినా మాన్యం చెల్లిందా, చెరువు నిలిచిందా, ఎంత శిస్తు కట్టవలసి వచ్చింది అన్నవే కరణం పట్టించుకున్న విషయాలు.

కూటమి ఎంత సడలినదో చెప్పడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అరుదు. కేంద్రం మారినా స్థానిక వ్యవస్థ చెక్కుచెదరలేదంటే, కేంద్రానికీ స్థానికానికీ మధ్య ఉన్న బంధం శిస్తు బంధమే గాని రాజ్యాంగ బంధం కాదు.

6. మూడు ఊళ్లు, రెండు గమ్యాలు

1799లో టిప్పు పతనం తర్వాత నిజాం తన వాటాకు వచ్చిన సీమలను 1800లో కంపెనీకి దత్తం చేశాడు. గుర్రంకొండ సీమకు చెందిన మదనపల్లె ప్రాంతం ఈ దత్తమండలాల్లో భాగమైంది. 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో నాటికి అక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కింద దాదాపు 30,000 మంది సాయుధులు ఉన్నారని అంచనా. మన్రో వారి ఆయుధాలను తీసివేశాడు, కొందరిని వెళ్లగొట్టాడు, పలువురికి భరణం ఏర్పాటుచేశాడు. రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించుకునే రైత్వారీ పద్ధతిని నిలిపాడు.

హామిల్టన్ ఆశించినదీ, మన్రో చేసినదీ ఒక్కటిగా కనిపిస్తాయి. కేంద్రం మధ్యవర్తిని దాటి నేరుగా మనిషి దాకా వచ్చింది. అయితే అమెరికాలో ఆ మార్పునకు రాష్ట్రాల సభలు చర్చించి ఓటు వేశాయి. మదనపల్లె సీమలో పాలెగాడినీ అడగలేదు, రైతునూ అడగలేదు. మనిషి దాకా వచ్చినది పన్ను మాత్రమే, ప్రాతినిధ్యం రాలేదు.

పుంగనూరు, కంగుంది కథ వేరుగా నడిచింది. అక్కడి పాలెగాళ్ల వంశాలు ఆయుధాధికారం పోగొట్టుకున్నా, పేష్కష్ చెల్లించే జమీందారులుగా మిగిలాయి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం దాకా జమీందారీ కొనసాగింది. ఒక సీమలో మధ్యవర్తి తొలగిపోయాడు, పొరుగు సీమలో మధ్యవర్తి శిస్తు గుత్తేదారుగా కుదించుకుపోయాడు. ఈ తేడాకు పాలెగాళ్ల హక్కుల్లోని తేడా కారణం కాదు. ఏ సీమ ఏ మార్గంలో కంపెనీకి చేరింది, అక్కడి అధికారి ఏ పద్ధతిని నమ్మాడు అన్నవే కారణాలు. నాయంకరం నిజంగా సమాఖ్యే అయి ఉంటే, పుంగనూరుకూ మదనపల్లెకూ ఒకే హక్కుపత్రం ఆధారంగా ఒకే న్యాయం జరగాలి. అటువంటి పత్రం లేనందువల్లనే కంపెనీ ఒక్కొక్కరితో ఒక్కొక్క విధంగా వ్యవహరించగలిగింది.

భరణాలు తరాలు గడిచేకొద్దీ రద్దయినప్పుడు ఆ ఆగ్రహం రేనాట 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా పెల్లుబికింది. జానపదుల వీరగాథలు పాలెగాడిని వీరునిగా నిలిపాయి. కంపెనీ పత్రాలు దోపిడీదారుగా నిలిపాయి. రెండూ ఒక విషయాన్ని దాటవేస్తాయి. పాలెగాడు కోల్పోయినది అతని అధికారం. రైతు కోల్పోయినది, అప్పటికి ఇంకా పొందని హక్కు.

7. అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదానికి రెండు అభ్యంతరాలు ఎదురవుతాయి. మొదటిది: అమెరికా పాత ఒడంబడిక ఎనిమిదేళ్లలో మూలపడగా, విజయనగరం రెండు శతాబ్దాలకు పైగా నిలిచింది, సడలిన కూటమిని బలహీనమని ఎలా అనగలం? ఇది బలమైన అభ్యంతరం. నిలకడ వేరు, స్వరూపం వేరు అన్నది దీనికి సమాధానం. సమర్థులైన రాజులు ఉన్నంతకాలం వ్యక్తిబంధం పత్రబంధం కంటె గట్టిగా పనిచేయవచ్చు. ఆ బంధాన్ని వారసునికి అప్పగించే మార్గం లేకపోవడమే లోపం. ప్రతి పట్టాభిషేకం తర్వాత నాయకుల విధేయతను కొత్తగా సంపాదించుకోవలసి రావడం దీని ఫలితం.

రెండవది: పద్దెనిమిదో శతాబ్ది అమెరికాను పదహారో శతాబ్ది దక్షిణాదికి కొలమానంగా పెట్టడం న్యాయమా? ఆ కొలమానం కూడా నిర్దోషమైనది కాదు. అమెరికా సమ్మతిలో బానిసలకు, స్త్రీలకు, ఆదివాసులకు చోటు లేదు. ప్రాతినిధ్యపు లెక్కలో బానిసలను అయిదింట మూడువంతులుగా గణించిన రాజ్యాంగం అది. రాష్ట్రం విడిపోవచ్చునా అన్న ప్రశ్న 1861–65 అంతర్యుద్ధంలో రక్తంతో తేలింది. ఇక్కడ పోలిక ఉద్దేశం ఎవరు గొప్ప అని తేల్చడం కాదు. ‘సమాఖ్య’ అన్న మాటను వాడే విమర్శకుడు ఆ మాట కోరే షరతులను గుర్తించాలన్నదే ఉద్దేశం.

8. ముగింపు

రాయవాచకంలోని స్థానపతి, ఆముక్తమాల్యదలోని దుర్గరక్షకుడు, కైఫీయతు రాసిన కరణం ముగ్గురూ ఒకే వ్యవస్థను మూడు ఎత్తుల నుంచి చూశారు. మొదటివాడు నాయకుని స్వతంత్రాన్ని, రెండవవాడు రాజు అపనమ్మకాన్ని, మూడవవాడు ఊరి నిర్లిప్తతను చూపిస్తాడు. మూడింటిలోనూ పరస్పర సమ్మతి కనిపించదు. కాబట్టి ఈ వ్యవస్థను సమాఖ్య అనడం కంటె నాయంకరం అన్న దాని సొంత పేరుతోనే పిలవడం సముచితం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రజల తరఫున ప్రాంతాల మధ్య సమ్మతి అంటూ మొదట కాగితం మీదికి ఎక్కినది 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో. రాయలసీమకు నీటి వాటా, విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టు ఎంపిక వంటి షరతులు అందులో ఉన్నాయి. అయితే ఆ షరతులను అమలుచేయించే అధికారం ఎవరికీ లేదు. సమ్మతి లేని బలం 1800లో, బలం లేని సమ్మతి 1937లో ఈ సీమకు అనుభవమయ్యాయి. 1973 నాటి 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371–డి అధికరణం వచ్చి, ఉద్యోగాల్లోనూ విద్యలోనూ ప్రాంతాల వాటాకు రాజ్యాంగరక్షణ కల్పించినప్పుడే ఆ రెండూ కొంత మేరకు కలిశాయి. 2022 పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో మిగిలాయి. సరిహద్దు గీతలు మళ్లీ మారవచ్చు. గీత గీసేటప్పుడు ఆ సీమవారి సమ్మతికి ఎంత చోటు ఉన్నదన్న ప్రశ్న మాత్రం పాతబడదు. నాయంకర కాలపు తెలుగు గ్రంథాలను ఈ ప్రశ్నతో చదివినప్పుడు రాయల రాజనీతి గత వైభవపు జ్ఞాపకంగా మాత్రమే మిగిలిపోదు. రాజ్యం ఎవరి ఒప్పుదలపై నిలవాలన్న నేటి చర్చలో కూడా దానికి చోటు దక్కుతుంది.